ఎర్రకాయితాల డబ్బా

మల్దకల్ దాటినంక బస్సు ఖాళీ అయితది.
నా సంచిల బొమ్మల పుస్తకం, ఒక చుట్ట చార్టు,
ఆరు స్కెచ్చు పెన్నులు,
'కిశోర బాలికల సాధికారత' అని
అట్ట మీద అచ్చేసిన రిజిస్టరు.
ఆఫీసుల సారు చెప్పే పంపిండు:
"పదకొండు మందికి తగ్గొద్దు మేడం,
ఫొటోల అందరు నవ్వాలె."

వచ్చిండ్రు పదకొండు మంది, చీకటి పడ్డంక,
అంగన్‌వాడీ గడప బయట చెప్పులిడిసి.
ఎంత కడిగినా బొటనవేలి గోరు కింద
పచ్చటి జిగురు పోలేదు.
అది మొగ్గ ఒలిచిన గోరు.
పొద్దుగూకే యాళ్లకు ఆడచెట్ల మొగ్గలొలిచి,
లోపలి పుప్పొడి తిత్తులు గిల్లి పారేసి,
గుర్తుకొక ఎర్రకాయితం తొడిగొస్తరు.
తెల్లారి మగపువ్వు దెచ్చి అద్దుతరు
ఒక్కో పువ్వుకు, సాలు ఎంబడి సాలు.
నడిగడ్డల విత్తనపత్తి
ఈ గోర్ల నుంచే కాయపడుతది.

నేను చార్టు విప్పిన.
ఆడ, మగ, సమానం
మూడు రంగులల్ల రాసిన.
వెనక నుంచి జములమ్మ లేచింది,
బడి హాజరుల జమున, చేన్ల జములి,
పదిహేనేండ్లు, తొమ్మిదో తరగతి సగంల ఆగిన పిల్ల.
"నీ చార్టు తర్వాత చూస్తం అక్కా,
ముందుగాల ఇది చూడు."

చున్నీ కింద నుంచి తీసింది
సొట్టవోయిన పాలపొడి డబ్బా.
మూత తీస్తే లోపల ఎర్రకాయితం ముక్కలు,
పనికి పోయిన దినానికొకటి.

"అక్క కాన్పుకని ఎండకాలంల మా నాయిన
ఆర్గనైజరు కాడ ఆరువేలు దెచ్చిండు.
అవి నా రెక్కల మీద రాసుకున్నరు.
ఆడపిల్ల కూలి వంద, అరవై దినాలన్నరు.
భీమేశుకు నూటయాభై.
ఆడు నా పక్కసాలే అక్కా.
నేను తొడిగినన్ని కాయితాలు తొడగడు,
నడుమ నడుమ బీడి తాగొస్తడు.
ఎవరి గోరు తాకిందో పువ్వుకెరికైతదా?"

బండల మీద కుమ్మరించి
పది పదిగ కుప్పలు వెట్టింది.
నాలుగు కుప్పలు, పక్కకు మూడు ముక్కలు.
"భీమేశు లెక్కన నలభైకే అప్పు తీరింది.
ఈ మూడు నావి. నాలుగు వందల యాభై.
ఎట్ల అడగాలె?"

నా బొమ్మల పుస్తకంల ఆ పేజీ లేదు.
ఒకటి దాచకుండ చెప్పాలె:
మా ఆఫీసు గోడగడియారం మీద
ఆ విత్తనాల కంపెనీ పేరే ఉంటది.
నేను స్కెచ్చు పెన్ను మూత పెట్టిన, తీసిన, మల్ల పెట్టిన.

జవాబు సుంకులి నుంచొచ్చింది,
అందర్ల చిన్నది, ముక్కు తుడుచుకుంట:
"పువ్వు ఆగదు గదా.
పదకొండు దాటితే పుప్పొడి పట్టదు.
మనం ఆగుదం."

మర్నాడు కాలువ మోరీ మీద
పదకొండు మంది వరుసగ కూసున్నరు.
కింద నీళ్లు, ఎదురుంగ చేను,
చేనంత ఎర్రకాయితాలు ఎండకు మెరుస్తున్నయి.
ఆర్గనైజరు బండి మూడుసార్లు వచ్చింది.
మొదటిసారి నవ్విండు.
రెండోసారి తిమ్మప్పను వెనక కూసోబెట్టుకొచ్చిండు.
"లేయే జములీ, పరువు దీస్తవా" అన్నడు నాయిన.
జములి లేవలేదు, డబ్బా ఒళ్లె పెట్టుకుంది.
ఎవరో శెనక్కాయలు పంచిండ్రు.
ఎవరికో ఏడుపొచ్చి మల్ల ఆగింది.
భీమేశు ఒక్కడే చేన్ల అద్దుతుండె,
ఎకరం పువ్వులు, రెండు చేతులు.

మూడోసారి బండి దిగి
నూటముప్పై అన్నడు.
పిల్లలు ఒకర్నొకరు చూసుకున్నరు,
కొందరు లేచిండ్రు.
జములికి కోపం తగ్గలేదు.
"ఇంక ఇరవై బాకీ" అన్నది గట్టిగనే,
అని మగపువ్వుల బుట్ట అందుకుంది.

రాత్రి రిజిస్టరు తెరిస్తే
హాజరుకో గడి, ఫొటోకో గడి,
నేర్పిన అంశానికో గడి.
ఇది రాసేటందుకు ఏదీ లేకపాయె.
అంచు మీద సన్నగ రాసిన:
'కూలి అడిగిండ్రు. పది దాకా కూసున్నరు.'

భుజం మీది నుంచి తొంగిచూసి జములి
గోటితోటి ఆ అంకె మీద గీత గీసింది,
పచ్చటి మరక పడ్డది.
"పది కాదక్కా, పదిన్నర.
సరిగ రాయి."